వినియోగదారుల తరఫున, వేధింపుల బాధితుల తరఫున వాదించే లాయర్ వృత్తి ఎలా ఉంటుంది? (అమెరికాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు)

సాహితి_లా

అందరికీ నమస్కారం. అమెరికాలో లా స్కూల్ రెండో ఏడాది చదువుతున్నాను. మా క్లాసులో ఎవరిని చూసినా పెద్ద కార్పొరేట్ ఫర్మ్‌ల ఇంటర్వ్యూల హడావిడిలో ఉన్నారు. నా మనసేమో వేరే వైపు లాగుతోంది. కంపెనీల చేతిలో దెబ్బతిన్నవాళ్లు, చిన్నతనంలో లైంగిక వేధింపులకు గురైనవాళ్లు, అలాంటివాళ్ల పక్షాన కోర్టులో నిలబడే ట్రయల్ లాయర్ కావాలని ఉంది.

నాన్నగారు ఒప్పుకోవడం లేదు. "ఒక నెల వస్తుంది, ఆరు నెలలు రాదు. పైగా ఆ కథలు రోజూ వింటూ నువ్వు నిద్రపోగలవా?" అంటున్నారు. ఆయన భయం ఊరికే కొట్టిపారేసేది కాదు. అసలు రోజువారీ పని ఏమిటి, డబ్బు ఎలా వస్తుంది, మనసు ఎలా నిలబెట్టుకుంటారు? ఇంకో సందేహం కూడా ఉంది. పాడైపోయిన వస్తువు కేసుకీ, ఒక పసివాడికి జరిగిన అన్యాయానికీ సంబంధమే కనిపించదు. అయినా చాలామంది లాయర్లు ఈ రెండూ ఎందుకు చేస్తారు?

వాదిపక్షం

అమ్మా సాహితీ, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి జవాబు దొరికితే మిగతావి వాటంతట అవే తేలతాయి.

రెండు రకాల కేసుల్లోనూ నేను వెతికేది ఒక్కటే: వీళ్లకు ముందే తెలుసా? తెలిసీ ఊరుకున్నారా? ప్రమాదం ఎవరికైనా జరగొచ్చు. ఒక చెడ్డ మనిషి ఏ సంస్థలోకైనా చొరబడొచ్చు. కానీ ఫిర్యాదులు వచ్చాక, కాగితం మీదికి ఎక్కాక, పైవాళ్ల బల్ల మీదికి చేరాక కూడా ఏమీ చేయకపోతే అది వాళ్లు చేసిన నిర్ణయం. జ్యూరీ తీర్పు చెప్పేది ఆ నిర్ణయం మీదే.

అందరూ నవ్వుకునే కాఫీ కేసునే తీసుకో. 1992లో న్యూ మెక్సికో రాష్ట్రం ఆల్బుకర్కీలో 79 ఏళ్ల పెద్దావిడ మెక్‌డొనాల్డ్స్‌లో కొన్న కాఫీ ఒలికి తొడలు కాలిపోయాయి. మూడో డిగ్రీ కాలిన గాయాలు, చర్మం తీసి అతికించాల్సి వచ్చింది. కాఫీ వేడి 180 నుంచి 190 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆవిడ మొదట అడిగింది సుమారు 20,000 డాలర్లు. కంపెనీ ఇస్తానన్నది 800. కేసు నడిచాక బయటపడింది: అంతకుముందు పదేళ్లలో కాలిన గాయాల గురించి 700కు పైగా ఫిర్యాదులు ఆ కంపెనీకి అందాయి. 1994లో జ్యూరీని కదిలించింది ఆ సంఖ్యే. తప్పులో 20 శాతం ఆవిడదని కూడా ఆ జ్యూరీయే తేల్చింది, నష్టపరిహారం 2 లక్షల నుంచి 1,60,000 డాలర్లకు తగ్గింది. శిక్షగా వేసిన 27 లక్షల డాలర్లను జడ్జి 4,80,000కు కోసేశారు. ఆ తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. ఈ సగం ఎవరూ చెప్పుకోరు.

ఇక బోస్టన్. 2002లో అక్కడి క్యాథలిక్ మతాధికారులు పిల్లల్ని లైంగికంగా వేధించిన వ్యవహారం బద్దలైంది. బోస్టన్ గ్లోబ్ పత్రికవాళ్ల శ్రమ గురించి అందరికీ తెలుసు. దానికి ముందు బాధితుల లాయర్లు ఏళ్ల తరబడి కేసులు నడిపారు. సీల్ వేసిన కోర్టు కాగితాలు బయటపెట్టమని పత్రిక అడిగింది, జడ్జి సరేనంటూ ఆదేశించారు. ఆ ఫైళ్లలో ఉన్నది కూడా అదే: ఫలానా ఫాదర్ మీద ఫిర్యాదు వచ్చింది, ఇంకో చర్చికి బదిలీ చేశారు, మళ్లీ ఫిర్యాదు, మళ్లీ బదిలీ. 2003లో 552 మందికి 8.5 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ కుదిరింది.

కాఫీ కప్పుకీ చర్చికీ ఉన్న సంబంధం అది. ఒక వైపు ఒక్క మనిషి, అవతల ఫిర్యాదుల ఫైలు పెట్టుకుని కూర్చున్న సంస్థ.

లెక్కలమాస్టారు

వాదిపక్షం గారు చెప్పింది బాగుంది. కానీ ఆ తండ్రి స్థానంలో ఉండి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. బాధితుడికి వచ్చిన డబ్బులో మూడో వంతు లాయర్ తీసుకోవడం న్యాయమేనా? కష్టం వాళ్లది, వాటా వీళ్లదా?

వాదిపక్షం

మాస్టారూ, అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

కంటింజెన్సీ ఫీజు అంటారు. గెలిస్తేనే ఫీజు, ఓడితే సున్నా. సాధారణంగా మూడో వంతు, కేసు విచారణ దాకా వెళ్తే 40 శాతం వరకూ ఉంటుంది. క్లయింటు సంతకంతో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఖర్చులు కూడా ముందు మేమే పెడతాం: డాక్టర్ల నివేదికలు, ఇంజనీర్ల పరీక్షలు, డిపోజిషన్లలో (విచారణకు ముందే ప్రమాణం చేయించి సాక్షుల్ని ప్రశ్నించడం) ప్రతి మాటా రాసే రిపోర్టర్లకు డబ్బు. పెద్ద కేసు ఓడిపోతే ఆ ఖర్చంతా చిన్న ఆఫీసు నెత్తిన పడుతుంది. గంటకు ఇంతని చెల్లించే స్తోమత మా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి ఒకరికి కూడా ఉండదు. ఈ పద్ధతే లేకపోతే కోర్టు తలుపు కొట్టేది ఒక్క కంపెనీలే.

అలాగని ప్రతి మూడో వంతూ న్యాయమని నేననను. వారం రోజుల్లో బీమా కంపెనీ ఇచ్చేసిన డబ్బుకు పూర్తి వాటా పట్టుకునే లాయర్లున్నారు. అది నాకు నచ్చదు. పని జరగకపోతే వాటా తగ్గాలి. ఒప్పందంలో అది ముందే రాయించుకోమని నా దగ్గరికి రాని క్లయింట్లకు కూడా చెబుతాను.

చిన్న వినియోగదారుల కేసుల లెక్క వేరు. ఉదాహరణకు అప్పులు వసూలు చేసే ఏజెన్సీలు బెదిరించకుండా 1977లో చేసిన ఫెడరల్ (కేంద్ర) చట్టం ఉంది. అందులో నష్టం నిరూపించకపోయినా కోర్టు 1,000 డాలర్ల వరకు ఇప్పించవచ్చు, గెలిస్తే లాయర్ ఫీజు ప్రతివాదే కట్టాలి. ఆ రెండో భాగం లేకపోతే వెయ్యి డాలర్ల కేసు ఏ లాయరూ ముట్టుకోడు. సాహితీ, మొదట్లో నీ చేతికి వచ్చేవి ఇలాంటివే. పేరు రాదు, పని మాత్రం బాగా వస్తుంది.

విజయ_అడ్వకేట్

నేను ఇండియాలో ప్రాక్టీసు చేసి వచ్చాను. అక్కడ బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఫలితం మీద ఆధారపడే ఫీజు కుదుర్చుకోకూడదు, అందుకే ఇది నాకు మొదట్లో మింగుడుపడలేదు. ఇక్కడ ఒక చిన్న ఫర్మ్‌లో చేరాక చూశాను, ఓడిపోయే అవకాశం ఉన్న కేసు తీసుకునేముందు సీనియర్లు దాన్ని ఎంత గట్టిగా పరీక్షిస్తారో. వచ్చిన ఫోన్లలో ఎక్కువ శాతానికి "మేం చేయలేం" అనే చెబుతారు. ఆ మాట చెప్పడం నేర్చుకోవడమే నాకు కష్టమైంది.

రికార్డులరమ

నేను పారాలీగల్‌ని, అంటే లాయర్లకు కేసు పనిలో సాయం చేసేదాన్ని, లాయర్‌ని కాదు. రోజువారీ పని ఏమిటని సాహితి అడిగింది కాబట్టి చెబుతున్నా: కాగితాలు, కాగితాలు, మళ్లీ కాగితాలు.

డిస్కవరీలో, అంటే విచారణకు ముందు ఇరుపక్షాలూ తమ దగ్గరున్న ఆధారాలు ఒకరికొకరు ఇచ్చుకునే దశలో, అవతలివాళ్లు వేల పేజీలు పంపుతారు. ప్రతి పేజీ అడుగున ఒక వరుస నంబరు ఉంటుంది, బేట్స్ నంబర్ అంటాం. ఒక కేసు చెబుతాను, వివరాలు కొంచెం మార్చాను. ఒక హాస్టల్ ఉద్యోగి మీద కేసు. సంస్థవాళ్లు అతని సర్వీసు ఫైలు పంపారు. శుభ్రంగా ఉంది, ఒక్క మచ్చ లేదు. నేను నంబర్లు వరుసగా చూసుకుంటూ పోతున్నా. 412 తర్వాత 415 ఉంది. మధ్యలో రెండు పేజీలు లేవు. మా లాయర్‌కి చెప్పాను. ఆయన ఉత్తరం రాశారు, జవాబు రాలేదు. జడ్జి ముందు మోషన్ (అర్జీ) వేశారు. అప్పుడు వచ్చాయి ఆ రెండు పేజీలు. ఒక తల్లి చేత్తో రాసిన ఫిర్యాదు అది, మా క్లయింటు ఆ హాస్టల్‌లో చేరడానికి ఎన్నో ఏళ్ల ముందటిది. పైన "చర్య అవసరం లేదు" అని ఎవరో రాసి పొడి అక్షరాల సంతకం పెట్టారు.

ఆ కేసు జ్యూరీ విచారణ దాకా వెళ్లలేదు. ఆ రెండు పేజీలు వచ్చిన కొద్ది వారాలకే అవతలివాళ్లు సెటిల్‌మెంట్ అన్నారు. అందుకే కొత్తగా వచ్చే లాయర్లకు నేను చెప్పే మాట ఇది: వాక్చాతుర్యం తర్వాత, ముందు పేజీలు మీరే చదవండి. జూనియర్‌కి వదిలేసి సారాంశం అడిగేవాళ్లకి 413, 414 ఎప్పటికీ దొరకవు.

అవతలిబెంచీ

చాలా ఏళ్లు బీమా కంపెనీల తరఫున పనిచేశాను. ఈ థ్రెడ్‌లో నా మాట కూడా ఉంటే మంచిదనిపించింది.

ఫెడరల్ కోర్టుల్లో సివిల్ కేసులు నూరు వేస్తే విచారణ దాకా వెళ్లేది ఒకటి కూడా ఉండదు. మరి ట్రయల్ లాయర్ అనే మాటకు అర్థం ఏమిటని అడుగుతారు. అర్థం ఉంది. వాదిపక్షం లాయర్ ఎవరన్నది చూడకుండా మేం ఏ కేసుకూ విలువ కట్టేవాళ్లం కాదు. ఈయన నిజంగా జ్యూరీ ముందుకు వెళ్తాడా, చివరి వారంలో వచ్చినకాడికి పుచ్చుకుని జారుకుంటాడా? రెండో రకం లాయర్ క్లయింటుకు మొదటినుంచే తక్కువ ఇవ్వజూపుతారు. అంటే విచారణకు వెళ్లని కేసుల్లో కూడా విచారణకు వెళ్లగల సత్తాయే పనిచేస్తుంది.

రెండో సంగతి. మా వైపు ఉన్నవాళ్లంతా దుర్మార్గులు కారు. నిలబడని ఆరోపణలు కూడా వస్తాయి, వాటిని ప్రశ్నించేవాడు ఉండాలి. బలహీనమైన కేసును ముందే వదిలేసే వాదిపక్షం లాయర్ అంటే మాకు గౌరవం. అతను తెచ్చిన కేసును ఒళ్లు దగ్గర పెట్టుకుని చదివేవాళ్లం.

సాహితి ఇప్పుడే తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. కేసు బలంగా ఉన్నా దారి మూసుకుపోవచ్చు. బాయ్ స్కౌట్స్ అనే పిల్లల సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. వేధింపుల క్లెయిములు 82,000 దాటాయి. దివాలా కోర్టులోకి వెళ్లాక విడివిడి జ్యూరీ విచారణలు ఆగిపోతాయి, అందరికీ కలిపి ఒక నిధి, 246 కోట్ల డాలర్ల ప్రణాళిక. ఒక్కొక్కరికీ తమ మాట తాము జ్యూరీకి చెప్పుకునే అవకాశం పోయింది. చట్టం తెలిసినవాడిని, అయినా దాన్ని మంచి పరిష్కారం అనలేను.

పాతజ్యూరర్

నేను ఏ కోర్టు ఉద్యోగినీ కాదు. ఒకసారి జ్యూరీలో కూర్చున్నాను. గది వేడిచేసే హీటర్ అంటుకుని ఒకావిడ చేతులు కాలిన కేసు. అందరూ లాయర్ల వాదనల గురించి మాట్లాడుతున్నారు, మాకు లోపల ఏం పనిచేసిందో చెబుతాను.

ఆవిడ లాయర్ గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. కంపెనీ భద్రతా విభాగం మేనేజర్‌ని బోనులో కూర్చోబెట్టి చిన్న చిన్న ప్రశ్నలు అడిగారు, అవుననో కాదనో చెప్పేవి. "ఈ మెయిల్ మీకు వచ్చింది కదా?" అవును. "చదివారు కదా?" అవును. "ఆ రోజు తర్వాత కూడా అదే స్విచ్ వాడారు కదా?" ఆయన నీళ్లు తాగారు, తన లాయర్ వైపు చూశారు, ఆ తర్వాతే అవునన్నారు. మేం పన్నెండుమందిమీ ఆయన ఆగడం చూశాం. చర్చించుకునే గదిలో ముందు వచ్చింది ఆ విషయమే.

పెద్ద పెద్ద మాటలు వాడిన ముగింపు వాదన మాలో ఎవరికీ అంతగా గుర్తులేదు.

పేరొద్దు

చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. నేను క్లయింటు వైపు నుంచి వచ్చాను. చిన్నప్పుడు జరిగింది. ఏం జరిగిందో ఇక్కడ రాయను.

మా రాష్ట్రం న్యూయార్క్. ఏళ్లు గడిచిపోయాయి కాబట్టి కేసు వేయడానికి లేదనే అనుకున్నాను. 2019లో చైల్డ్ విక్టిమ్స్ యాక్ట్ వచ్చింది. గడువు దాటిపోయిన పాత కేసులకు కూడా ఒక కిటికీ తెరిచారు, 2019 ఆగస్టు 14 నుంచి మొదట ఏడాది, తర్వాత పొడిగించి 2021 ఆగస్టు దాకా. 10 వేలకు పైగా కేసులు పడ్డాయి. వాటిలో నాదొకటి.

సాహితి గారూ, మీరు ఈ వృత్తిలోకి వస్తే మా లాయర్ చేసిన రెండు మూడు పనులు గుర్తుపెట్టుకోండి. మొదటి రోజు నన్ను కథ మొత్తం చెప్పమనలేదు. "ఈ రోజు నాకు సంస్థ పేరు, సంవత్సరం చాలు" అన్నారు. డిపోజిషన్‌కి ముందు ఆ గదికి తీసుకెళ్లి నేను కూర్చునే కుర్చీ, కెమెరా, అవతలి లాయర్ కూర్చునే చోటు అన్నీ చూపించారు. ఫెడరల్ నియమాల్లో ఒక రోజులో ఏడు గంటలు ప్రశ్నలడగొచ్చట. నా కేసు రాష్ట్ర కోర్టులోది, అయినా రోజంతా పట్టింది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని తప్పకుండా అడుగుతారని ముందే చెప్పారు. జవాబు నేర్పలేదు. "నిజం ఏదైతే అది చెప్పు, నాకు తెలియదు అన్నది కూడా నిజమైన జవాబే" అన్నారు.

సెటిల్‌మెంట్ వచ్చినప్పుడు నోరు మెదపకూడదనే షరతు పెట్టారు. మొత్తం పెద్దది. మా లాయర్‌కి అందులో వాటా ఉంది, ఒప్పుకోమని నన్ను తొందరపెట్టొచ్చు. ఆయన కాగితం నా ముందు పెట్టి, ఒప్పుకుంటే ఏమవుతుంది, ఒప్పుకోకపోతే ఏమవుతుంది రెండూ చెప్పి వారం టైమిచ్చారు. ఆ షరతు కొట్టేయమన్నాను. మొత్తం కొంత తగ్గింది. నాకు సమ్మతమే.

వాదిపక్షం

పేరొద్దు గారూ, ఇది రాసినందుకు కృతజ్ఞతలు. సెటిల్‌మెంట్‌కి ఒప్పుకోవాలా వద్దా అన్న నిర్ణయం క్లయింటుదేనని మా వృత్తి నియమావళిలోనే ఉంది. చాలామంది క్లయింట్లున్న కేసులో అందరికీ కలిపి సెటిల్‌మెంట్ వచ్చినా, ఎవరికెంత వస్తుందో చెప్పి ఒక్కొక్కరి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. మీ లాయర్ ఆ నియమాన్ని మాట వరసకు కాకుండా మనసా పాటించారు.

నోరు మూయించే షరతుల మీద నా అభిప్రాయం దాచుకోను. బాధితులు తమ పేరు బయటికి రాకూడదనుకుంటే అది వాళ్ల హక్కు. సంస్థ తను చేసింది దాచుకోవడానికి ఆ షరతు వాడితే, తర్వాత వచ్చే పిల్లల మీద పడే ప్రమాదానికి మనం కూడా సంతకం పెట్టినట్టే. కాలిఫోర్నియా 2019 నుంచి లైంగిక దాడి, వేధింపుల సివిల్ కేసుల్లో జరిగిన వాస్తవాలను దాచే సెటిల్‌మెంట్లను నిషేధించింది, బాధితులు కోరితే పేరు మాత్రం గోప్యంగా ఉంచొచ్చు. అన్ని చోట్లా అలాగే ఉండాలి.

ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బదులు ప్రైవేటు మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి, దాని సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022 మార్చిలో వచ్చిన ఫెడరల్ చట్టం వల్ల, ఉద్యోగ ఒప్పందంలో ముందే ఆర్బిట్రేషన్‌కి సంతకం పెట్టినా, లైంగిక దాడి, వేధింపుల బాధితులు కావాలనుకుంటే కోర్టుకే వెళ్లొచ్చు. వినియోగదారులకు ఆ వెసులుబాటు లేదు. 2011లో సుప్రీం కోర్టు దాకా వెళ్లిన కేసు మొదలైంది ఉచితమని చెప్పిన ఫోన్ మీద వేసిన 30.22 డాలర్ల పన్నుతో. అందరూ కలిసి క్లాస్ యాక్షన్ వేయకుండా ఒప్పందంలోనే అడ్డుకట్ట వేయొచ్చని తీర్పొచ్చింది. ముప్పై డాలర్ల కోసం ఒంటరిగా ఎవరు పోరాడతారు? లక్షలమంది దగ్గర ముప్పై చొప్పున తీసుకున్నవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

లెక్కలమాస్టారు

సెటిల్‌మెంట్ గురించి చదివాక ఫీజు మీద నా ప్రశ్నకు కొంత జవాబు దొరికింది. మరి మన సాహితి మనసు సంగతి? దాని గురించి ఎవరూ చెప్పలేదు.

విజయ_అడ్వకేట్

నేను చెబుతాను మాస్టారూ. ఇతరుల బాధ వినీ వినీ మనకు కూడా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఉలిక్కిపడటం, పిల్లల్ని ఎవరి దగ్గరా వదలాలనిపించకపోవడం, ఇవన్నీ ఈ పనిలో నిజంగా వస్తాయి. నాకూ వచ్చాయి. మా ఆఫీసులో వేధింపుల కేసులు ఎవరూ ఒంటరిగా చూడరు, ఇద్దరు కలిసే చూస్తారు. కొన్ని వినియోగదారుల కేసులు మధ్యలో ఉండేలా పని పంచుతారు. క్రెడిట్ రిపోర్టులో తప్పు దిద్దించే కేసు బోరుగా అనిపించొచ్చు గానీ, దాని వల్లే నేను ఊపిరి పీల్చుకోగలిగాను. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తాను, అది ఎవరి దగ్గరా దాచను.

సాహితీ, ఉద్యోగానికి వెళ్లినప్పుడు జీతంతో పాటు ఇది కూడా అడుగు: "ఒక కష్టమైన విచారణ అయ్యాక మీ లాయర్లకు ఏం ఏర్పాటు ఉంటుంది?" ఆ ప్రశ్న విని మొహాలు చూసుకునే ఆఫీసైతే ఇంకోటి వెతుక్కో.

సాహితి_లా

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. నాన్నగారికి థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. మాస్టారి ప్రశ్నలు తన ప్రశ్నలేనన్నారు. ఇంకా సరే అనలేదు, కానీ "ఎండాకాలం ఆ ఆఫీసులో చేసి చూడు" అన్నారు.

వచ్చే సెమిస్టర్‌కి ఎవిడెన్స్, ట్రయల్ అడ్వొకసీ తీసుకున్నాను. వినియోగదారుల క్లినిక్‌లో సీటు దొరికింది, అందులో ప్రొఫెసర్ పర్యవేక్షణలో నిజమైన క్లయింట్లను చూస్తామట. ఈలోపు ఒక విచారణ మొదటినుంచి చివరిదాకా చూడాలని ఉంది. ఎలా కుదురుతుంది?

అవతలిబెంచీ

విచారణలు దాదాపు అన్నీ బహిరంగమే, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. కోర్టు క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి సివిల్ జ్యూరీ విచారణలు ఎప్పుడున్నాయో అడుగు. ముందు రోజు సాయంత్రం మళ్లీ ఫోన్ చెయ్యి, ఎందుకంటే సగం కేసులు ఆ రాత్రికే సెటిల్ అయిపోతాయి. వెళ్తే జ్యూరీ ఎంపిక రోజు నుంచే వెళ్లు, చాలామంది విద్యార్థులు ఆ రోజు వదిలేసి ప్రారంభ వాదనలకు వస్తారు. రెండు వైపులా లాయర్లు ఏ జ్యూరర్‌ని ఏం అడిగారో, ఎవరిని తీసేశారో రాసుకో. తర్వాత వీలైతే ఆ లాయర్లలో ఒకరికి మెయిల్ పెట్టి కారణం అడుగు. విద్యార్థినని చెబితే చాలామంది జవాబిస్తారు, నేనిచ్చేవాడిని.

రికార్డులరమ

క్లినిక్‌లో మొదటి ఫైలు చేతికొచ్చినప్పుడు పేజీ నంబర్లు చూడటం మర్చిపోకు తల్లీ.